గాలి పోసిన ఇసుక: హగరి ఒడ్డు నేలలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: "అనంతపురం రాజస్థాన్ అయిపోతోంది, ఎడారి నడిచి వస్తోంది"

అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, ఇక్కడి వాళ్లు హగరి అని పిలిచే వేదవతి ఏటి ఒడ్డు దిబ్బలను మొదటిసారి చూసినవాళ్లు అనే మాట ఇదే. కెమెరాకు అది ఎడారిలాగే కనిపిస్తుంది, నిజమే. కానీ ఈ ఇసుక ఎక్కడి నుంచో నడిచి రాలేదు, పక్కనున్న ఏటి కడుపులోంచే లేచింది. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మి.మీ. వరకు వాన పడుతుంది. థార్ పడమటి అంచున, జైసల్మేర్ వైపు, 200 మి.మీ. కూడా పడదు. వాన తక్కువ కావడం ఒక్కటే కారణమైతే దిబ్బలు జిల్లా అంతటా ఉండాలి. కానీ అవి ఏటి పొడవునే, అదీ గాలి తోసుకుపోయే వైపు ఒడ్డునే ఉన్నాయి.

దిబ్బ పుట్టడానికి మూడు కావాలి: వదులుగా పడి ఉన్న ఇసుక, దాన్ని లేపే గాలి, అడ్డుకునే పచ్చదనం లేకపోవడం. వేదవతి మీద పైన కర్ణాటకలో హిరియూరు దగ్గర 1907లో వాణీ విలాస సాగరం కట్టారు. 1933 తర్వాత అది మళ్లీ నిండి పొర్లింది 2022లోనే. తర్వాత మన వైపు భైరవానితిప్ప జలాశయం వచ్చింది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏరు పొడిగా ఉండడం మామూలైంది. సరిగ్గా ఆ పొడి ఇసుక మీద మే చివర మొదలై సెప్టెంబరు దాకా పడమర, నైరుతి గాలులు వీస్తాయి. నీళ్లు ఉంటే ఏరు, లేకపోతే ఇసుక గని. సమస్య పేరు ఎడారి కాదు, ఎండిన ఏరు. పేరు తప్పు పెడితే మందు కూడా తప్పుతుంది.

కర్ణాటకలో కావేరి ఒడ్డున తలకాడులో గుళ్లను ఇసుక కప్పేయడానికి అలమేలమ్మ అనే ఆమె పెట్టిన శాపమే కారణమని కథ ఉంది. పరిశోధకులు మాత్రం అక్కడ కూడా పాత ఆనకట్టను, దాని తర్వాత బయటపడిన ఏటి ఇసుకను, గాలిని చూపిస్తారు. నదులు వేరు, పని చేసే పద్ధతి ఒకటే.

అపోహ: ఇసుక అంటే ఇసుకే, ఏరు పోసినా గాలి పోసినా ఒకటే

ఈ అపోహ ఒక్కటి పోతే కిందవి సగం వాటంతట అవే పోతాయి. వరద మేటలో గులకరాయి నుంచి ఒండ్రు దాకా అన్నీ కలిసి ఉంటాయి, ఎందుకంటే నీరు దేన్నయినా మోస్తుంది. గాలి అలా కాదు. ముతక గింజను ఏట్లోనే వదిలేస్తుంది, సన్నని దుమ్మును ఊర్లు దాటించేస్తుంది, నడిమి రకాన్ని తెచ్చి ఒడ్డున పోస్తుంది. గాలి పట్టిన జల్లెడ అన్నమాట. దిబ్బలో గింజలు చాలావరకు 0.1 నుంచి 0.5 మి.మీ. మధ్యే ఉంటాయి. బంకమట్టి సాధారణంగా 5 శాతం లోపే. నీరు నిలవకపోవడం, ఎరువు జారిపోవడం, గోడ కూలడం, కాంక్రీటు పాడవడం, మళ్లీ గాలికి లేవడం, అన్నిటి మూలం ఈ ఒక్క లక్షణమే: గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజు, మధ్య సందులు నింపే సన్నని మట్టి లేదు.

మీ పొలంలో ఉన్నది ఏదో తెలుసుకోవడం తేలిక. అరడుగు లోతు నుంచి గుప్పెడు ఇసుక తీసి ఆరబెట్టి టీ వడకట్టే జాలీలో పోయండి. జాలీ మీద గులకలు, ముతక పలుకులు మిగిలితే అది వరద మేట. దాదాపు అంతా కిందికి జారిపోతే గాలి దిబ్బ. తర్వాత అదే ఇసుకను లీటరు సీసాలో నీళ్లు పోసి గట్టిగా ఊపి పెట్టండి. నిమిషంలోపే దాదాపు అంతా అడుక్కి చేరి, పై నీరు కాస్త మసకగా మాత్రమే ఉంటే, బంకమట్టి లేనట్టే. గంటల తరబడి నీరు ఎర్రగానో నల్లగానో నిలిస్తే మీ నేలలో పట్టు కొంత ఉంది, దాని లెక్క వేరు.

అపోహ: ఇసుకలో ఖాళీలు ఎక్కువ, అందుకే నీరు ఇంకిపోతుంది

ఖాళీలు ఎక్కువ ఉన్నది నల్లరేగడిలో. అక్కడ మట్టి పరిమాణంలో 45 నుంచి 55 శాతం ఖాళీయే, ఇసుకలో 35 నుంచి 43 శాతం. నీరు ఇంకడానికి కారణం ఖాళీ మొత్తంలో లేదు, ఒక్కో ఖాళీ సైజులో ఉంది. పెద్ద సందులో నీరు నిలవదు, జారుతుంది. ఈ ఇసుక నేల గంటకు 50 మి.మీ. వానను కూడా తేలికగా మింగేస్తుంది, కానీ మొక్కకు అందేలా పట్టి ఉంచేది మీటరు లోతుకు 60 నుంచి 80 మి.మీ. మాత్రమే.

దీన్ని పొలం లెక్కలోకి తెద్దాం. వేరుశనగ వేళ్లు చురుగ్గా ఉండే పై 30 సెం.మీ.లో మొక్కకు దక్కే నీరు మహా అయితే 24 మి.మీ. అందులో సగం అయిపోయేసరికే పైరు వాడు ముఖం పడుతుంది, అంటే చేతిలో ఉన్నది 12 మి.మీ. వేసవిలో రోజుకు 6 మి.మీ. ఖర్చవుతుంది. రెండు రోజులు! నల్లరేగడి రైతు వారానికోసారి పెట్టే తడి ఇక్కడ పెడితే మొదటి పూటే సగం నీరు వేరు దాటి కిందికి పోతుంది, ఐదు రోజులు పైరు ఎండుతుంది. ఒకే నీటిని ఎక్కువసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వడం తప్ప దారి లేదు.

డ్రిప్ వేసినవాళ్లు చేసే తప్పు ఒకటి ఉంది. ఇసుకలో డ్రిప్పర్ కింద తడి పక్కకు పాకదు, నిలువుగా దిగుతుంది. ఎర్రనేలకు సరిపోయిన 60 సెం.మీ. దూరం ఇక్కడ పెడితే రెండు డ్రిప్పర్ల మధ్య పొడి పట్టీ మిగులుతుంది. డ్రిప్పర్ల మధ్య 30 నుంచి 40 సెం.మీ. దూరం ఉన్న లాటరల్ (డ్రిప్పర్లుండే పైపు) తీసుకోండి. ఒకేసారి రెండు గంటలు వదలకుండా, అదే సమయాన్ని రోజులో రెండు మూడు విడతలు చేయండి.

అపోహ: పైన పొడిగా ఉంటే లోపలా పొడే

ఎండాకాలంలో దిబ్బ మీద చేతితో తవ్వి చూడండి. చాలా చోట్ల జానెడు, మూరెడు లోతులో ఇసుక చల్లగా, తడిగా తగులుతుంది. పై రెండు మూడు అంగుళాలు ఎండగానే ఆ పొడి పొరే మూత అవుతుంది, కింది తేమ పైకి పాకే దారి తెగిపోతుంది. ఆవిరిగా పోయే నీరు రేగడితో పోలిస్తే ఇసుకలో తక్కువ. తాటి, ఈత, జిల్లేడు, వెంపలి అక్కడ బతకడానికి కారణం అదే. చెట్లు నాటేవాళ్లు అడుగులోతు గుంతలో పెట్టి చచ్చిపోయాయని అంటారు. రెండడుగులు దిగి తడి ఇసుకలో వేరు ఉండేలా నాటాలి, నారు పొడవుగా పెంచినది కావాలి, మొదటి గట్టి వాన పడిన వారంలోపు నాటాలి.

అపోహ: వేసవి దుక్కి ఏ నేలకైనా మేలే

రేగడికి, గట్టి ఎర్రనేలకు మేలు. గాలి ఇసుకకు హాని. మిగతా నేలల్లో దున్నితే పెళ్లలు లేస్తాయి, పెళ్ల గాలికి కదలదు. ఇక్కడ బంకమట్టి లేదు కాబట్టి పెళ్ల కట్టదు. గడ్డి మోళ్లు, పాత వేళ్లు, వాన తర్వాత కట్టిన పలుచని పెచ్చు, ఇన్నాళ్లు ఇసుకను పట్టి ఉంచినవన్నీ తెగిపోతాయి. అదీ సరిగ్గా గాలి ముదిరే మే, జూన్ నెలల్లో!

పొడి ఇసుక గంటకు 20 కి.మీ. గాలికే కదలడం మొదలవుతుంది. ఆపై గాలి వేగం రెట్టింపైతే ఇసుక రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లకు అటూ ఇటూ. వేగం ఘనానికి తగ్గట్టు ఇసుక కదులుతుందని బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ గాలి సొరంగంలో, ఎడారిలో కొలిచి 1930లలోనే తేల్చాడు. అంటే ఏడాది మొత్తం నష్టంలో పెద్ద భాగం కొద్ది రోజుల పెనుగాలిలోనే జరిగిపోతుంది. ఎగిరే ఇసుకలో ఎక్కువ భాగం మోకాలి ఎత్తు దాటదు. గింజ లేచి, గెంతి, పడి, ఇంకో గింజను లేపుతుంది. లేత మొలక ఉండేది ఆ ఎత్తులోనే కాబట్టి ఆకు గీసుకుపోయి, కాండం కోసుకుపోయి, రెండోసారి విత్తనం వేయాల్సి వస్తుంది.

చేయాల్సింది: కంది, జొన్న, సజ్జ కోసేటప్పుడు అడుగు ఎత్తు మోళ్లు నిలబెట్టి వదలండి. మేకలను వాటిపైకి తోలకండి (ఊళ్లో ఇదే కష్టమైన భాగం, తెలుసు). మంచి పదును వాన పడ్డాక విత్తే సాలు వరకే గొర్రు తోలండి. గాలి పడమర నుంచి కాబట్టి సాళ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉండాలి. ప్రతి నాలుగైదు సాళ్ల వేరుశనగకు రెండు సాళ్లు సజ్జ వేస్తే అది పంట కంటే ముందే లేచి అడ్డు నిలుస్తుంది.

అపోహ: చెరువు మట్టి రెండు ట్రాక్టర్లు తోలితే నేల మారిపోతుంది

మారుతుంది, కానీ లెక్క చూసుకోండి. ఎకరంలో పై 15 సెం.మీ. ఇసుక బరువు సుమారు 970 టన్నులు. బంకమట్టి 1 శాతం పెరగాలంటే దాదాపు 10 టన్నుల బంకమట్టి కావాలి. చెరువు మట్టిలో అది 40 శాతం ఉందనుకుంటే 24 టన్నుల మట్టి, అంటే మూడు టన్నుల ట్రాలీలు ఎనిమిది. ఒక్క శాతానికి! రెండు ట్రాలీలు తోలి ఫలితం లేదంటే అది మట్టి తప్పు కాదు. ముందు చెరువు మట్టిని కూడా సీసాలో పరీక్షించండి, చాలా చెరువుల ఎగువ అంచున ఉండేది ఇసుకే. చౌడు ఉందేమో కూడా చూపించుకోండి. తోలిన మట్టిని కుప్పలుగా వదిలితే ఎండి రాళ్లవుతుంది, వానకు ముందే పరిచి పై నాలుగు అంగుళాల్లో కలపాలి. డబ్బు తక్కువైతే పొలమంతా పలుచగా చల్లడం కంటే చెట్ల గుంతల్లో, సాలులో వేయడం మేలు.

పశువుల ఎరువుదీ ఇంతే. ఇసుకలో గాలి బాగా ఆడి ఎరువు త్వరగా కుళ్లి కరిగిపోతుంది, ఒకసారి వేసి ఐదేళ్లు మరచిపోయే నేల కాదిది. యూరియా మూడు నాలుగు దఫాలు, పొటాష్ రెండు దఫాలు ఇవ్వాలి. భాస్వరం పెద్దగా జారదు కాబట్టి విత్తేటప్పుడే సరిపోతుంది. వేరుశనగకు పూత మొదట్లో ఎకరాకు 200 కిలోల జిప్సం ఈ నేలల్లో ఎగ్గొట్టకూడదు, కాయ తనకు కావాల్సిన కాల్షియం నేల నుంచి నేరుగా తీసుకుంటుంది.

అపోహ: ఒడ్డున గోడ కడితే ఇసుక ఆగిపోతుంది

గోడకు తగిలిన గాలి పైకెక్కి, అవతల సుడి తిరిగి పడుతుంది. కొన్నాళ్లకు గోడ ఎత్తుకు ఇసుక నిండుతుంది, ఆపై అదే ఇసుకకు నిచ్చెన. సగం మూసి సగం తెరిచిన అడ్డు బాగా పనిచేస్తుంది: గాలి దూరుతుంది, కానీ వేగం పోయి ఇసుకను అక్కడే దించుతుంది. కందికట్టె, జొన్న చొప్ప, తుమ్మ కంప మీటరు ఎత్తున, మధ్యలో ఖాళీలతో గాలికి అడ్డంగా పాతండి. జోధ్‌పూర్‌లోని కేంద్ర ఎండు మండల పరిశోధన సంస్థ దిబ్బల మీద ఇలాంటి అడ్డులను 5 మీటర్ల గళ్లుగా పెట్టి, గళ్ల మధ్య మొక్కలు పెంచింది. చైనాలో పసుపు నది (హ్వాంగ్ హో) ఒడ్డున షాపొతౌ దగ్గర రైలు మార్గాన్ని 1950ల నుంచి కాపాడుతున్నది మీటరుకు మీటరు గళ్లలో సగం పాతిన గడ్డే.

చెట్ల వరస తన ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం కాస్తుంది. సరుగుడు, కానుగ వేసి కింది కొమ్మలు వంట చెరకుకు నరికేస్తే ఆ కాపుదల ఉండదు, మొదళ్ల మధ్య సందులో గాలి ఇంకా ఊపందుకుంటుంది. ఏటి వైపు మొదటి వరస కిత్తనార, జిల్లేడు, రెల్లు లాంటి పొట్టివి, వెనక మధ్యరకం, ఆ వెనక ఎత్తైనవి వేయండి. పొలం గట్టు మీద కాదు, ఇసుక లేచే చోట మొదలుపెట్టాలి. పొలం గట్టున మొదలైన అడ్డు ఇసుకను పొలంలోకే దించుతుంది.

అపోహ: దిబ్బ ఇసుక శుభ్రంగా ఉంది, ఇంటికి వాడుకోవచ్చు

శుభ్రమే, కానీ మరీ సన్నం, మరీ ఒకే సైజు. కాంక్రీటులో పెద్ద, చిన్న గింజలు ఒకదాని సందు ఒకటి నింపాలి. ఇక్కడ ఆ పని సిమెంటు, నీరే చేయాలి. నీళ్లు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుంది, ప్లాస్టరింగు ఆరాక వెంట్రుకంత పగుళ్లు పడతాయి. ముతక ఇసుకలో కొంత కలిపి వాడతారు, అదీ జల్లెడ పరీక్ష చేయించాకే. పునాది విషయానికొస్తే దట్టంగా కుదించిన ఇసుక మంచి బరువే మోస్తుంది, గాలి వదులుగా పోసిన ఇసుక మోయదు. పొరలు పొరలుగా తడిపి కుదించి, పునాది చుట్టూ ఇసుక గాలికి లేచిపోకుండా రాళ్లు పరచాలి.

అపోహ: తడి ఇసుక గోడ నిలబడుతుంది, గుంతలోకి దిగొచ్చు

నిలబడేది కాసేపే. గింజల మధ్య సన్నని నీటి పొర లాగి పట్టుకున్నంతసేపు నిట్టనిలువుగా కూడా ఉంటుంది. ఎండ తగిలి అంచు ఆరినా, అడుగున ఊట పెరిగినా ఆ పట్టు ఒక్కసారిగా పోతుంది, చప్పుడు కూడా రాదు. పొడి ఇసుక నిలిచే వాలు 30 నుంచి 34 డిగ్రీలే. చెలమ గానీ బోరు గుంత గానీ పైపులైను కాలువ గానీ నడుము లోతు దాటితే, లోతుకు రెట్టింపు దూరం వాలుగా కోయండి, లేదా పలకలు, సిమెంటు వరలు దింపుతూ తవ్వండి. తీసిన ఇసుకను అంచున పోయకండి, కనీసం రెండు గజాలు దూరంగా వేయండి. దిగిన మనిషి ఒంటరిగా ఉండకూడదు. ఛాతీ దాకా పూడుకుపోయినవాణ్ని చేతులు పట్టి లాగితే రాడు, ముందు ఛాతీ చుట్టూ ఇసుక తీసి ఊపిరి ఆడనివ్వాలి.