తాజా గుడ్డు పెంకును వదలదు

పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మ ఊరి నుంచి డజను నాటుకోడి గుడ్లు పంపింది. ఒక్కోదాన్నీ పాత చీర ముక్కలో చుట్టి, స్టీలు క్యాన్‌లో ఊక పోసి, అందులో పేర్చింది. "నిన్నా మొన్నా పెట్టినవే నాన్నా, కొట్టు గుడ్లు కావు" అని ఫోన్‌లో చెప్పింది కూడా. ఆ రాత్రే పులుసుకని ఆరు గుడ్లు ఉడకబెట్టాం. పెంకు తీయబోతే తెల్లసొన కూడా దానితోపాటే వచ్చేసింది. గోరంత పెంకు ముక్కకి చెంచాడు సొన! ఒలవడం అయ్యేసరికి పళ్లెంలో గుడ్లన్నీ చంద్రుడి ఫొటోల్లా గుంటలు పడి ఉన్నాయి. రెండింట్లో అయితే పచ్చసొన బయటికి తొంగిచూస్తోంది. అదే గిన్నెలో, అవే నీళ్లలో ఉడికిన రెండు ఫారం గుడ్లు మాత్రం నున్నగా వచ్చాయి. అవి పది రోజుల కిందటి ట్రేలో మిగిలినవి.

ఇంట్లో అందరూ నా చేతులనే తప్పుపట్టారు. తప్పు నా చేతులది కాదు, గుడ్ల తాజాదనానిది.

ఒలిచిన పెంకు ముక్కనొకదాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి. లోపలివైపు ఉల్లిపొర లాంటిది అంటుకుని ఉంటుంది. నిజానికి అవి రెండు పొరలు. బయటిది పెంకును పట్టుకుని ఉంటే, లోపలిది తెల్లసొనను చుట్టుకుని ఉంటుంది. గుడ్డు మొద్దు కొన దగ్గర మాత్రం ఆ రెండూ విడిపోయి, మధ్యలో కాస్త గాలి చేరుతుంది. మనం పెంకు రావట్లేదని విసుక్కుంటాం గానీ పెంకుతో అసలు పేచీయే లేదు. అది సుద్దలో ఉండే కాల్షియం కార్బొనేటే, తడితే పగులుతుంది. పేచీ అంతా లోపలి పొర దగ్గరే. ఉడికిన తెల్లసొన ఆ పొరను గట్టిగా పట్టుకుంటే, లాగినప్పుడు పొర ఊడదు, సొనే చిరుగుతుంది.

ఆ పట్టు ఎంత గట్టిగా ఉంటుందనేది చాలావరకు తెల్లసొన పీహెచ్ మీద, అంటే అది ఆమ్లం వైపు ఉందో క్షారం వైపు ఉందో చెప్పే కొలత మీద ఆధారపడుతుంది. కోడి అప్పుడే పెట్టిన గుడ్డు సొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. తాజా గుడ్డు పగలగొట్టినప్పుడు తెల్లసొన కాస్త మసకగా, కడుగు నీళ్లు కలిసినట్టు కనిపించేది అందుకే. నాలుగు రోజులు పోయాక అదే సొన తేటగా ఉంటుంది. పెంకుకి కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. మూత తీసిన సోడా చప్పబడిపోయినట్టే, ఆ రంధ్రాల్లోంచి గ్యాస్ మెల్లగా బయటికి పోతుంది. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్ల గుణం ఇస్తుంది కదా, అది పోయేకొద్దీ సొన క్షారం వైపు జరుగుతుంది. మొదటిరోజు 7.6 దగ్గర ఉన్న పీహెచ్ కొన్నాళ్లకు 9.2 దాకా పెరుగుతుంది. అంకెల్లో చూస్తే చిన్న తేడాలాగే ఉంది. కానీ పీహెచ్ కొలతలో ఒక్కో మెట్టుకి పదిరెట్ల తేడా ఉంటుంది కాబట్టి, ఆమ్లత్వం దాదాపు 40 రెట్లు తగ్గినట్టు లెక్క. పీహెచ్ 9 దగ్గరికి వచ్చేసరికి తెల్లసొనకి పొర మీద పట్టు సడలుతుంది. మన ఎండల్లో బయట పెట్టిన గుడ్డు రెండు మూడు రోజుల్లో ఆ స్థితికి వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే గ్యాస్ పోవడం నెమ్మదిస్తుంది, వారమో పైనో పడుతుంది.

ఈ లెక్కన గోదావరి జిల్లాల ఫారాల్లో పెట్టిన గుడ్డు, లారీలో రోజులకు రోజులు ప్రయాణం చేసి అస్సాం చేరాక, పుట్టినచోట కంటే అక్కడే సులువుగా ఒలవబడుతుందన్నమాట. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. అక్కడ ప్రభుత్వ గ్రేడింగ్ ముద్ర ఉన్న గుడ్ల పెట్టెల మీద 001 నుంచి 365 లోపు మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఏడాదిలో ఎన్నో రోజున ప్యాక్ చేశారో చెప్పే సంఖ్య అది. ఉడకబెట్టడానికైతే, ఇంకా వాడకం గడువు ఉన్నవాటిలోనే పాత తేదీ పెట్టె తీసుకోవచ్చు. మనకి ఆ సంఖ్య లేకపోయినా నీళ్ల గ్లాసు చాలు. కొత్త గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది. రోజులు గడిచి లోపలి గాలి పెరిగిన గుడ్డు మొద్దు కొన పైకెత్తి వాలుగా నిలబడుతుంది. ఒలవడానికి అనువైనది ఇదే. పూర్తిగా పైకి తేలిందంటే బాగా పాతబడినట్టే, దాన్ని పక్కన పెట్టేయడం మేలు.

తాజా గుడ్లు తప్ప ఇంట్లో ఇంకేం లేకపోతే? అప్పుడు పొయ్యి దగ్గర మనం చేసే పని ముఖ్యం. మన ఇళ్లలో చాలామంది గిన్నెలో గుడ్లు వేసి, పైన చన్నీళ్లు పోసి, అప్పుడు పొయ్యి వెలిగిస్తారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. నీళ్లు మెల్లగా కాగుతుంటే తెల్లసొన కూడా మెల్లగా ముదురుతుంది, ఆ తీరికలో పొరను గట్టిగా కరుచుకుంటుంది. అదే తెర్లే నీళ్లలో గుడ్డు దించితే, అంచున ఉన్న సొన తటాలున గడ్డకట్టి తనలో తనే బిగుసుకుంటుంది, పొరతో పెనవేసుకునే వ్యవధి ఉండదు. గుడ్డు వయసు తర్వాత ఇంత తేడా తెచ్చేది ఇదొక్కటే అని నా అనుభవం. ఆవిరి మీద ఉడికించినా ఫలితం అంతే. కాకపోతే ఇడ్లీ పాత్రలో నీళ్లు బాగా మరిగి ఆవిరి లేచాకే గుడ్లు పెట్టాలి.

వేడినీళ్లలో వేస్తే పగిలిపోతుందేమోనని టెన్షన్ ఉంటుంది. పగులుతుంది కూడా, పైనుంచి జారవిడిస్తే. గరిటెలో పెట్టి మెల్లగా దించి, మంట కాస్త తగ్గిస్తే చాలావరకు నిలుస్తుంది. మొద్దు కొనకి గుండుసూదితో చిన్న చిల్లు పెడితే లోపలి గాలికి వేడెక్కి వ్యాకోచించినప్పుడు దారి దొరుకుతుంది. పచ్చసొన పూర్తిగా గట్టిపడాలంటే పదకొండు పన్నెండు నిమిషాలు ఉంచితే చాలు. ఇంకా ఉంచితే సొనలోంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుముతో కలిసి, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. తింటే ఏం కాదు గానీ వాసన కొడుతుంది. దించగానే గుడ్లను ఐసు ముక్కలు వేసిన నీళ్లలోకి మార్చితే ఉడకడం అక్కడితో ఆగుతుంది, చేతికి వేడీ తగలదు.

ఇక ఉప్పు సంగతి. నీళ్లలో ఉప్పేస్తే పెంకు ఊడొస్తుందని మా ఇంట్లో అమ్మ దగ్గర్నుంచి పక్కింటావిడ దాకా అందరి నమ్మకం. ఉప్పు చేసే మేలు వేరే ఉంది. ఎక్కడైనా బీటవేసి సొన కారితే, ఉప్పునీళ్లలో అది వెంటనే గడ్డకట్టి కన్నం మూసుకుంటుంది. ఒలవడానికి దానితో పెద్దగా సాయం ఉండదు. వెనిగర్ పెంకును కరిగించే మాట నిజమే, ఒకరోజంతా గుడ్డును అందులో నానబెడితే పెంకు పోయి రబ్బరు బంతిలా అవుతుంది. పది నిమిషాలు మరిగే గిన్నెలో ఒక చెంచా వేస్తే ఒరిగేదేమీ లేదు.

ఒలిచేటప్పుడు మొద్దు కొన నుంచే మొదలుపెట్టండి. అక్కడ గాలి ఉంది కాబట్టి సొనకి తగలకుండా వేలు పొర కిందికి పోతుంది. గట్టు మీద అరచేత్తో దొర్లించి పెంకంతా నెర్రెలిచ్చేలా చేసి, నీళ్లలో ముంచి ఒలిస్తే, నీరు సందుల్లోకి దూరి పొరను లేపుతుంది. బొటనవేలు పొర కిందకి పోయిందా లేదా అన్నదే కీలకం. పెంకు పైపైన గిల్లుతూ కూర్చుంటే ముక్కలు ముక్కలుగానే వస్తుంది.

పెద్దమ్మ పంపిన డజనులో మిగిలిన ఆరింటి మీద పెన్సిల్‌తో తేదీ రాసి, వంటింటి గట్టు మీదే ఉంచాను. ఆరో రోజు మరిగే నీళ్లలో దించి ఉడికించాను. ఐదు నున్నగా వచ్చాయి, ఆరోదానికి మాత్రం పక్కన చిన్న గుంట పడింది. ఇదంతా పెద్దమ్మకి ఫోన్ చేసి పీహెచ్‌తో సహా వివరిస్తే ఓపిగ్గా విని అంది: "పులుసుకని ఎవరన్నారు నాన్నా? అట్టు పోసుకుంటారని కదూ అంత కొత్తవి పంపాను. పులుసు గుడ్లయితే వారం ముందే ఏరి బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని."