యాభై లోపు ఆడవాళ్లకు గుండెపోటు వస్తే

నెలసరి ఆగేదాకా ఆడవాళ్ల గుండెకు ఢోకా లేదని మన ఇళ్లలో ఒక ధీమా ఉంది. ఆ వయసులో వాళ్లకు గుండెపోటు తక్కువే, నిజం. కానీ వచ్చిందంటే బతికి బయటపడటం మగవాళ్లకన్నా కష్టం.

1999లో వైద్య పరిశోధకురాలు వియోలా వకారినో బృందం అమెరికాలో దాదాపు 3 లక్షల 85 వేలమంది గుండెపోటు రోగుల రికార్డులు పరిశీలించింది. ఆస్పత్రిలో ఉండగానే చనిపోయినవాళ్లు మగవాళ్లలో 11.5 శాతం, ఆడవాళ్లలో 16.7 శాతం. ఆడవాళ్లకు ఈ జబ్బు పెద్ద వయసులో వస్తుంది కాబట్టి ఎక్కువమంది పోయారేమో అనుకుంటాం. వయసులవారీగా విడదీస్తే తేలింది వేరు. 75 దాటినవాళ్లలో తేడా కనిపించలేదు. 50 లోపు మాత్రం ఆడవాళ్ల మరణాల శాతం మగవాళ్లకు రెట్టింపు కన్నా ఎక్కువ. పిల్లలు ఇంకా బడికి వెళ్లే వయసు అది.

కొంత కారణం శరీరంలోనే ఉంది. గుండె రక్తనాళం గోడ ఉన్నట్టుండి లోపల చీలిపోయి వచ్చే గుండెపోటు ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. కొందరికి కాన్పయిన కొద్ది వారాలకే. బాలింతకు గుండెపోటేమిటని ఎవరికి తడుతుంది?

నా దృష్టిలో అసలు చిక్కు ఆ తట్టకపోవడమే. ఆడవాళ్లకు ఛాతీనొప్పి రాదనే మాట సరికాదు. 55 ఏళ్ల లోపు దాదాపు 3 వేలమందితో అమెరికాలో జరిగిన వర్గో అధ్యయనంలో, ఆడా మగా ఇద్దరిలోనూ పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఛాతీలో నొప్పో బరువో ఉంది. ఆడవాళ్లు దాంతోపాటు దవడ లాగడం, దడ, కడుపులో వికారం కూడా ఎక్కువగా చెప్పారు. అంతకుముందే డాక్టరుకు చూపించుకున్న ఆడవాళ్లలో 53 శాతం, తమ బాధ గుండెకు సంబంధించింది కాదని ఆ డాక్టరు అన్నారని చెప్పారు. మగవాళ్లలో ఆ మాట చెప్పింది 37 శాతం. మన దగ్గరైతే దానికి గ్యాస్ అనో టెన్షన్ అనో పేరు పెట్టేస్తాం.

ఫ్లోరిడాలో 1991 నుంచి 2010 దాకా అత్యవసర విభాగాలకు వచ్చిన గుండెపోటు కేసుల లెక్క నన్ను ఎక్కువగా కదిలించింది. మహిళా డాక్టర్లు చూసినవాళ్లకన్నా మగ డాక్టర్లు చూసిన ఆడ రోగుల్లో బతికినవాళ్లు తక్కువ. అదే డాక్టర్ల పక్కన మహిళా డాక్టర్లు ఎక్కువగా ఉన్నచోట, ఆడ రోగులను ఎక్కువమందిని చూసినవాళ్ల దగ్గర, ఆ తేడా తగ్గింది. చికిత్సను బట్టి ఫలితం మారుతుందని స్వీడన్ గుండెపోటు రికార్డుల్లోనూ కనిపించింది. సూచించిన చికిత్సలన్నీ అందినప్పుడు ఆడా మగా మరణాల మధ్య తేడా బాగా కుదించుకుపోయింది.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను చూసే ఒక సున్నిత పరీక్షలో హద్దు లీటరుకు మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 16 నానోగ్రాములు. మగవాళ్ల హద్దే ఇద్దరికీ పెడితే, 20 వచ్చిన ఆడమనిషి రిపోర్టు మీద నార్మల్ అనే ఉంటుంది.