కైరోప్రాక్టిక్ ఆసుపత్రి గడప తొక్కింది, మరి ఎంతవరకు? అపోహలు - వాస్తవాలు

అపోహ: డాక్టర్లు దీన్ని వైద్యంగానే ఒప్పుకోరు.

ఒకప్పటి మాట అది. కైరోప్రాక్టిక్ అంటే వెన్నెముక కీళ్లను చేతులతో తోసి చేసే చికిత్స. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఈ పద్ధతిని మొదలుపెట్టిన డి.డి. పామర్, చాలా జబ్బులకు మూలం వెన్నుపూసలు తప్పుకోవడమేనన్నాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1963లో ఏకంగా కమిటీ వేసి ఈ వృత్తిని అణచాలని చూసింది. చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు 1976లో కోర్టుకెక్కితే, 1987లో తీర్పు వాళ్ల వైపు వచ్చింది. కానీ డాక్టర్ల మనసు మార్చింది ఆ తీర్పు కాదు, నడుము నొప్పి మీద జరిగిన పరిశోధనలు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కన్నా ముందు కాపడం, మసాజ్, వెన్నెముక మ్యానిప్యులేషన్ (కీలును చేత్తో తోయడం) లాంటివి చూడమని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది.

అపోహ: ఒప్పుకున్నారంటే అన్ని జబ్బులకూ పనిచేస్తుందన్నమాట.

కాదు. ఈ మాట అందరికన్నా గట్టిగా చెప్పాల్సింది కైరోప్రాక్టర్లమైన మేమే. ఒప్పుకున్నది నడుము నొప్పికి, కొంతవరకు మెడ నొప్పికి. 1998లో ఉబ్బసం ఉన్న పిల్లల మీద పరీక్షిస్తే, అసలు చికిత్సకీ ఉత్తుత్తి చికిత్సకీ తేడా కనబడలేదు. నడుము నొప్పిలో కూడా లాభం ఓ మోస్తరే. 2017లో 15 పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే, 100 పాయింట్ల కొలతలో నొప్పి సగటున 10 పాయింట్లు అదనంగా తగ్గింది.

అపోహ: తోసినప్పుడు కీలు టక్కుమంటే తప్పిన ఎముక చోటికి వచ్చినట్టే.

మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడే ఇదీను. కీలు ఉపరితలాలు చటుక్కున విడివడితే లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో వేలి కీలును ఎం.ఆర్.ఐ.లో విరిచి దీన్ని చూశారు. ఆ కీలే మళ్లీ మోగాలంటే సుమారు 20 నిమిషాలు పడుతుంది.

నడుముకు చేసేటప్పుడు మనిషిని ఒక పక్కకు పడుకోబెట్టి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, కీలును మెల్లగా దాని కదలిక చివరిదాకా తీసుకెళ్తాం. చేతికి ఆ బిగువు తెలిశాక, సెకనులో ఐదో వంతులోపే, చాలా కొద్ది దూరం తోస్తాం. బిగువు అందకముందే తోస్తే బలమంతా చుట్టూ ఉన్న కండరాల్లోకి పోతుంది, మనిషి బిగదీసుకుంటాడు, మర్నాడు నొప్పి పెరుగుతుంది. చప్పుడు రాకపోయినా ఉపశమనం రావచ్చు. చప్పుడు కోసమే రెండోసారి, మూడోసారి తోయడం తప్పు.

అపోహ: మెడకు చేయించుకుంటే పక్షవాతం ఖాయం. లేదా, అసలు ప్రమాదమే లేదు.

రెండూ తప్పే. మెడ పూసల గుండా మెదడుకు వెళ్లే ధమని లోపలి పొర చిరిగితే, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరవచ్చు. ఇది అరుదు. చిక్కేమిటంటే, ఆ చిరుగు మొదట మెడ నొప్పిగా, తలనొప్పిగానే కనబడుతుంది. ఆ నొప్పి తగ్గించమనే మనిషి మా దగ్గరికి వస్తాడు! ఎన్నడూ ఎరగని మెడ నొప్పితోపాటు తల తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, మొహం తిమ్మిరెక్కడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మెడ మీద చెయ్యి వేయకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి పంపాలి.

అపోహ: ఎక్స్‌రే లేనిదే చికిత్స మొదలుపెట్టకూడదు.

ప్రమాద సూచనలు లేకపోతే నడుము నొప్పి వచ్చిన మొదటి ఆరు వారాలు ఎక్స్‌రే వద్దని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే చెప్పింది. కిందపడి దెబ్బ తగలడం, జ్వరం, గతంలో క్యాన్సర్, చాలాకాలం స్టెరాయిడ్లు వాడటం లాంటివి ఉంటే సంగతి వేరు. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వెళ్లాలి.

అక్కర్లేదు. మొదటి రోజే ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో, ఎంత దూరం నడవగలుగుతున్నారో కాగితం మీద రాసి పెట్టుకోండి. వ్యాయామం ఆపకండి. చికిత్సలో అది కూడా భాగమే. నాలుగు వారాలకు మళ్లీ కొలవండి. ఆ అంకెలు కదలకపోతే చికిత్స ఆపి, డాక్టరుకు చూపించుకోండి. ముప్పై సిటింగులకు ముందే డబ్బు కట్టమంటే కట్టకండి.