హారర్ గేమ్‌లలో బాధితులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సర్వైవల్ హారర్ గేమ్‌లకు, అంటే భయం మధ్య ప్రాణాలు కాపాడుకుంటూ ఆడే గేమ్‌లకు, కథ, మాటలు రాయడం నా పని. భూతం ఎలా ఉండాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దాని చేతిలో నలిగిపోయిన మనిషి ఎలా ఉండాలో అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అదే ముఖ్యం. కింద కొన్ని పాత గేమ్‌ల ముగింపులు చెప్పేస్తున్నాను, ఇంకా ఆడనివాళ్లు చూసుకోండి.

అపోహ: చావు ఎంత ఘోరంగా ఉంటే అంత జాలి పుడుతుంది.

వాస్తవం: రక్తం చూసి మొదటిసారి ఒళ్లు జలదరిస్తుంది, మూడోసారికి అలవాటైపోతుంది. ‘సైలెంట్ హిల్’ (1999)లో నర్సు లీసా గార్లండ్ ఒళ్లంతా రక్తం కారుతూ సాయం కోసం హ్యారీ దగ్గరికి వస్తుంది. అతను భయపడి ఆమెను తోసేసి, గది బయటికొచ్చి తలుపు మూసేస్తాడు. ఇన్నేళ్లయినా నా మనసులో ఉండిపోయింది రక్తం కాదు, ఆ తలుపు. అప్పటిదాకా మనం నడిపిస్తూ వచ్చిన మనిషే దాన్ని మూశాడు.

అపోహ: బాధితురాలు ఏ పాపం ఎరగని అమాయకురాలై ఉండాలి.

వాస్తవం: ఇది నేనూ చాలాకాలం నమ్మాను. ఒక గేమ్ కోసం అందరికీ సాయం చేసే మంచి అమ్మాయిని రాశాను. ప్లేటెస్ట్‌లో (విడుదలకు ముందు కొందరి చేత ఆడించి చూసినప్పుడు) ఆమె చనిపోయాక ఎవరికీ పేరు కూడా గుర్తులేదు. తిరగరాసినప్పుడు ఆమె చేత ఒక అబద్ధం చెప్పించాను: ఉన్న ఒక్క బ్యాటరీని దాచుకుని, లేదంటుంది. ఆడినవాళ్లకు కోపం వచ్చింది. ఆ తర్వాత ఆమె కనిపించకపోతే వాళ్లే గది గదీ వెతికారు.

‘సైలెంట్ హిల్ 2’ (2001)లో ఏంజెలా కూడా మంచిగా మాట్లాడే మనిషి కాదు. తండ్రి చేతిలో నరకం చూసింది కాబట్టి సాయం చెయ్యబోయిన జేమ్స్ (ఆ గేమ్‌లో మనం నడిపించే మనిషి) మీద విరుచుకుపడుతుంది. చివరికి, ఈ మంటలు తనకెప్పుడూ ఉండేవేనని చెప్పి, కాలుతున్న మెట్లెక్కి వెళ్లిపోతుంది. ఆ కోపం తీసేసి ఉంటే ఆమె మీద మనకు జాలి తప్ప ఏమీ మిగిలేది కాదు.

అపోహ: కాపాడే దారి లేనప్పుడు ప్లేయర్‌కు చెయ్యడానికేమీ ఉండదు, కట్‌సీన్ (ఆడకుండా చూడ్డానికే ఉండే సన్నివేశం) చాలు.

వాస్తవం: ఏంజెలాను కాపాడే దారి ఆ గేమ్‌లో లేదు. కానీ ఆమె వదిలేసిన కత్తి మన ఇన్వెంటరీలో, అంటే మనం వెంట మోసుకెళ్లే వస్తువుల్లో, ఉంటుంది. దాన్ని తీసి పరిశీలిస్తే జేమ్స్ తన ప్రాణం తానే తీసుకునే ఎండింగ్ వైపు మొగ్గు పెరుగుతుంది. గేమ్ ఆ సంగతి ఎక్కడా చెప్పదు. ఆమె బాధ చడీచప్పుడు లేకుండా అతనిలోకి వచ్చేస్తుంది.

అపోహ: భూతం వేరు, బాధితురాలు వేరు.

వాస్తవం: ‘రెసిడెంట్ ఈవిల్’ 1996లో వచ్చినప్పుడు లీసా ట్రెవర్ అందులో లేదు. 2002 రీమేక్‌లో ఆమెను చేర్చారు. కథ జరిగే భవనాన్ని కట్టిన ఆర్కిటెక్ట్ కూతురు. 1967లో తల్లితో పాటు ప్రయోగాలకు బలైపోయింది. అమ్మ ఎక్కడుందో తెలియక, ఆడవాళ్ల ముఖాలు ఒలిచి తన ముఖానికి తగిలించుకుని తిరుగుతుంటుంది. మనకు ముందు వినిపించేది ఆమె చేతుల సంకెళ్ల చప్పుడు. అది వింటే టెన్షన్‌తో పరిగెత్తుతాం. ఆమె రాసుకున్న కాగితాలు దొరికాక కూడా పరిగెత్తుతాం, కానీ వేరేలా.

ఆఖరి గదిలో తూటాలు ఆమెను చంపలేవు. అక్కడున్న నాలుగు బండరాళ్లను తోసేస్తే శవపేటిక తెరుచుకుంటుంది. అందులోని తల్లి పుర్రెను లీసా చేతుల్లోకి తీసుకుని, అమ్మా అని, అగాధంలోకి దూకేస్తుంది. అంతసేపూ తుపాకీ పేల్చిన ప్లేయరే ఆ రాళ్లు తొయ్యాలి, ఒక్కొక్కటిగా.