డబ్బు కట్టాం, బిల్లు ఉంది, అయినా ఫోన్ మనది కాదు: ఈ రూల్ ఎక్కడ్నుంచి వచ్చింది?

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీలో ఉండే అనంతపురం తమ్ముడు మొన్న సెకండ్ హ్యాండ్ ఫోన్ 11 వేలకి కొన్నాడు, సిమ్ వేసిన కొద్దిరోజులకే పోలీసుల నుంచి కాల్, అది ఎవరిదో పోయిన ఫోన్ అంట. 2023 మే నుంచి దేశమంతా సీఈఐఆర్ అని, పోయిన ఫోన్లని బ్లాక్ చేసి వెతికే ప్రభుత్వ వ్యవస్థ నడుస్తోంది కదా, బ్లాక్ చేసిన ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబరు) ఉన్న ఫోన్‌లో సిమ్ పడితే తెలిసిపోద్ది. "అన్నా, డబ్బులు ఇచ్చి కొన్నా, నాది ఎట్లా కాకుండా పోద్ది?" అని వాడి బాధ.

దీనికి జవాబు 1930 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్, సెక్షన్ 27లో ఉంది. అమ్మినోడికి లేని హక్కు కొన్నోడికి రాదు, అంతే.

అంతకుముందు ఈ అమ్మకాల రూల్స్ అన్నీ 1872 కాంట్రాక్ట్ యాక్ట్‌లోనే ఉండేవి. అందులో సెక్షన్ 108 కొనేవాళ్ళ మీద కాస్త దయగానే ఉండేది, ఓనర్ ఇష్టంతో ఎవరి చేతిలో వస్తువు ఉన్నా వాళ్ళు అమ్మితే, మంచి నమ్మకంతో కొన్నోళ్ళకి హక్కు వచ్చేలా రాశారు, కోర్టులు దాన్ని ఇరుకు చేస్తూ వచ్చాయి, చివరికి 1893 ఇంగ్లండ్ చట్టం నమూనాలో 1930లో వేరే చట్టం చేసినప్పుడు ఆ వెసులుబాటు ఓనర్ల తరఫున సరుకు అమ్మిపెట్టే వ్యాపార ఏజెంట్ల వరకే మిగిలింది. ఇంగ్లండ్‌లో అయితే బహిరంగ సంతలో నిజాయితీగా కొంటే దొంగ సొత్తయినా కొన్నోడిదే అనే పాత ఆచారం ఉండేది, 1994లో చట్టం చేసి దాన్ని తీసేశారు. మన చట్టంలోకి అది అసలు రాలేదు.

ఇంకో తేడా ఉంది, నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. దొంగిలించిన ఫోన్‌కి ఏ మినహాయింపూ లేదు, కానీ ఓనర్‌ని మోసం చేసి కొన్నవాడు, ఓనర్ ఆ బేరం రద్దు చేసేలోపే మనకి అమ్మితే, మనకి ఆ మోసం తెలియకపోతే, సెక్షన్ 29 ప్రకారం అది మనదే.

మరి 11 వేలు? అది అమ్మినోడి దగ్గర అడగాలి, సెక్షన్ 14 ప్రకారం అమ్మే హక్కు తనకుందని వాడు మాటిచ్చినట్టే లెక్క. 1922లో ఇంగ్లండ్‌లో ఒకాయన 334 పౌండ్లకి కారు కొన్నాడు, తర్వాత అది దొంగ కారని తేలింది, కొన్ని నెలలు కారు వాడకంలో ఉన్నా 1923లో కోర్టు మొత్తం డబ్బూ తిరిగి ఇప్పించింది.

మావాడి బిల్లు చూశా. తెల్ల చీటీ మీద "మొబైల్ 1, 11,000" అని పెన్నుతో రాసుంది. షాపు పేరు లేదు, ఐఎంఈఐ లేదు, సంతకం కూడా లేదు. దాన్నే జెరాక్స్ తీయించుకుని రేపు పొద్దున ఆ షాపుకి ఇద్దరం పోతున్నాం.