పూసినా కాయని పెరడు

రోహిణి కార్తెలో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పెరళ్ళలో టమాటా మొక్క ఏపుగా ఉంటుంది, పూత కూడా పూస్తుంది. రెండు మూడు రోజులకే ఆ పూలు కాడలతో సహా రాలిపోతాయి. బలం చాలలేదేమోనని చారెడు యూరియా వేస్తారు. ఆకు ఇంకా పెరుగుతుంది, కాయ మాత్రం రాదు. చాలాసార్లు లోపం నేలలో ఉండదు, పువ్వులో ఉంటుంది.

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24 కంటే కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి చచ్చుబడుతుంది. పగటి ఎండను అందరూ తిట్టుకుంటారు గానీ, రాత్రి ఉక్క కూడా చేటు చేస్తుంది. సముద్రపు గాలి తగిలే బరంపురంలో మే రాత్రులు 26 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. పుప్పొడి దెబ్బతినేది పువ్వు విచ్చుకోవడానికి వారం, పది రోజుల ముందు, మొగ్గలోనే. అందుకే ఒక మంచి వాన పడి చల్లబడ్డా వెంటనే పిందె కట్టదు. ఆ వారం ఓపిక పట్టాలి, మందులు కొట్టకూడదు. మొక్క మొదలు చుట్టూ మూడు అంగుళాల మందాన ఎండుగడ్డి పరిచి, నీళ్ళు తెల్లవారుజామున పెట్టి, పదకొండు నుంచి నాలుగు దాకా నీడ వల కప్పితే మొక్క నిలుస్తుంది. ఉన్న కాయలు ఎర్రబడక పసుపు పచ్చగా మిగిలిపోవడమూ వేడి వల్లే: 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు. రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడన పండనివ్వడం మేలు.

వంగ పూలు రాలితే ముందు పువ్వును తిప్పి చూడాలి. నడిమి కాడ (కీలం) పసుపు కేసరాలకు సమంగానో, వాటిని దాటి బయటికో వస్తేనే కాయ కడుతుంది. కేసరాల లోపలే కాడ పొట్టిగా ఉండిపోయిన పూలు ఎటూ రాలిపోయేవే, వాటి గురించి బెంగ అక్కర్లేదు.

ఆనప పాదుది వేరే కథ. పగలు పొడవై, వేడి పెరిగితే మగపూలు విపరీతంగా పూస్తాయి, ఆడపూలు తగ్గుతాయి. ప్రధాన తీగ చివర తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్న పుప్పొడి రుద్దేవారి శ్రమ సగం వృథా. పొద్దుగూకే వేళ మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. కాకర, గుమ్మడికైతే తెల్లవారగానే రాయాలి. పిందె పసుపు పడి ముడుచుకుపోతే పుప్పొడి అందలేదని అర్థం. గాటు పడి, జిగురు బొట్టు కారి, లోపల కుళ్ళితే అది పండు ఈగ పని. అలాంటి కాయలను గట్టు మీద పారేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది. మూటకట్టి ఎండలో పెట్టడమో, లోతుగా పూడ్చడమో చేయాలి.

ఈ ఎండలోనూ మాట నిలబెట్టుకునేది బెండ. గింజలు ఒక రాత్రి నానబెట్టి, వరుసకు వరుసకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 30 ఉండేలా వేస్తే చాలు. పువ్వు విచ్చిన ఆరో రోజుకల్లా కోయాలి. ముదిరిన కాయ ఒక్కటి మిగిలినా కొత్త పూత మందగిస్తుంది. ఈనెలు పసుపు వల అల్లినట్టు కనబడిన మొక్కను వెంటనే పీకెయ్యాలి. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్‌కు మందు లేదు.

జూన్ మధ్యలో వచ్చే రజో పండుగ వానలు దిగాక టమాటా, వంగ పచ్చగానే వాలిపోతే ఎండు తెగులని అనుమానించాలి. మొదలు దగ్గర రెండంగుళాల కాండం కోసి, గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీయండి. అయిదు నిమిషాల్లో పాల దారాలు దిగితే బాక్టీరియా ఉన్నట్టే. ఈ ప్రాంతపు ఆమ్ల గుణం గల ఎర్రనేలల్లో ఇది ఎక్కువ. ఆ మడిలో మళ్ళీ టమాటా, వంగ, మిరప వద్దు. మొక్కజొన్న వేయవచ్చు. టమాటాయే కావాలంటే వేరే మడిలో, తెగులును తట్టుకునే ఉత్కళ్ కుమారి వంటి రకం వేయాలి.

బంతి మొక్క వేసవిలో ఆకే ఎక్కువగా వేస్తుంది. పెద్ద బంతికి పగటి పొడవు తగ్గితేనే పూత జోరు. రథయాత్రకూ దసరాకూ మధ్య, అధిక మాసం రాని ఏడు, సుమారు 97 రోజులుంటాయి. రథయాత్రనాడు నారు పోసి, నాలుగు వారాలకు నాటి, మొక్క కుదురుకున్నాక ఒకసారి తల తుంచితే దసరా దండలకు పూలు అందుతాయి.