మందున్న వేరు తిని బతికిన పురుగు

2009లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొందరు మొక్కజొన్న రైతులకు పెద్ద టెన్షన్ వచ్చి పడింది. చేలో మొక్కల వేళ్లను వెస్టర్న్ కార్న్ రూట్‌వార్మ్ అనే పురుగు కొరికేసింది. నిజానికి ఆ పురుగును చంపడానికే తయారుచేసిన బీటీ మొక్కజొన్న అది. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఆరన్ గాస్‌మన్ బృందం ఆ చేలల్లోని పురుగులను పట్టుకొచ్చి, వాటి పిల్లలను ల్యాబ్‌లో అదే మొక్కజొన్న మీద పెంచింది. మిగతా చేల పిల్లలకంటే ఇవి ఎక్కువగా బతికాయి. దెబ్బతిన్న చేలన్నిటిలో కనీసం మూడేళ్లు వరసగా అదే రకం వేశారు. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ విత్తనం మార్కెట్లోకి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లే.

ఇది పసుపు రంగు మీద నల్ల చారలుండే చిన్న పెంకు పురుగు. వేసవి చివర్లో మొక్కజొన్న చేలోనే మట్టిలో గుడ్లు పెడుతుంది. చలికాలం దాటాక పిల్లలు బయటికొచ్చి వేళ్లు తింటాయి. వేరు పోయిన మొక్క నీళ్లు సరిగా అందక, నిలబడలేక వంగిపోతుంది. బీటీ అనేది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా. అది చేసే విషపు ప్రొటీన్ జన్యువును మొక్కలో పెడితే మొక్క వేరులోనే ఆ విషం తయారవుతుంది. తిన్న పిల్ల పేగు దెబ్బతిని చస్తుంది.

అన్నీ చావవు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. విషాన్ని తట్టుకునే జన్యువు ఏ కొన్ని పురుగుల్లోనో ముందే ఉంటుంది. అందుకే రైతు కొంత నేలలో, అప్పట్లో 20 శాతం, మామూలు మొక్కజొన్న వేయాలన్నారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు, బతికి బయటపడ్డవాటితో జతకడతాయి. పుట్టే పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది కాబట్టి విషం బాగా ఘాటుగా ఉంటే అవీ చస్తాయి. కానీ ఈ మొక్కజొన్నలో విషం అంత ఘాటుగా లేదు. మామూలు పురుగుల్లోనే కొన్ని బతికిపోయేవి. 2008లోనే మిస్సోరీ శాస్త్రవేత్తలు గ్రీన్‌హౌస్‌లో మూడు తరాల్లో ఈ తట్టుకునే శక్తి పెరగడం చూపించారు. ఆ హెచ్చరికను ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సింది.

పైగా ఈ పురుగు చరిత్ర తెలియనిదేమీ కాదు. 1950ల చివర్లోనే నెబ్రాస్కాలో అల్డ్రిన్ లాంటి మందులకు లొంగడం మానేసింది. మొక్కజొన్న తర్వాత సోయా వేస్తే పిల్లలు ఆకలితో చచ్చేవి. కానీ ఇల్లినాయ్‌లో కొన్ని పురుగులు సోయా చేలోనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి, మరుసటి ఏడాది అక్కడ మొక్కజొన్న వస్తుంది కాబట్టి. అయినా అయోవాలో ఎక్కువ చోట్ల పంట మార్పిడి ఇంకా పనిచేస్తోంది. నా దృష్టిలో కొత్త ప్రొటీన్ల కంటే అదే నమ్మదగింది. 2014 నాటికి ఒక ప్రొటీన్‌ను తట్టుకున్న పురుగు, దాన్ని పోలిన ఇంకో ప్రొటీన్‌నూ తట్టుకోవడం చూశారు.

మన పత్తి రైతులకు ఈ కథ కొత్త కాదు. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిలోని రెండు ప్రొటీన్లకూ లొంగకుండా పోయింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ కూడా ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. దిగుబడి తగ్గుతుందని చాలామంది వేయలేదు. వేయాల్సింది ఎందుకో వాళ్లకు వివరంగా చెప్పినవాళ్లూ తక్కువే. తర్వాత ఆ గింజలను బీటీ గింజల్లోనే కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు.